తోడల్లుడి ట్రైలర్

మీసాలాయన యార్డులోకి నాలుగు చక్రాల ట్రైలర్ ఒకటి వచ్చిందని చెవిన పడగానే ఇనుప గేట్లు చేసే మిస్త్రీ తన షెడ్డు తలుపైనా తీయకుండా, సోమవారం పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోయాడు. పాత బండ్లూ, ఇంజన్లూ, టైర్లూ కొని అమ్మే యార్డు అది. అన్నిటికంటే చివర, గోడవారగా, కొత్తగా నీలం రంగు పూసుకుని ట్రైలర్ నిలబడి ఉంది. చూడగానే మిస్త్రీ మనసు దాని మీద పడిపోయింది. పన్నెండడుగుల పొడుగు. రెండు రెక్కల గేటైనా హాయిగా పడుకోబెట్టి తీసుకుపోవచ్చు. ఇన్నేళ్ళూ గేటు తయారైన ప్రతిసారీ దాన్ని పాత వ్యాన్ నెత్తిన కట్టుకుని, ముందూ వెనకా ఎర్రగుడ్డలు వేలాడదీసి, ఊరంతా హారన్లు కొట్టి తిడుతుంటే నత్తలా పోవడమే అయింది.

కానీ మిస్త్రీ రంగుని నమ్మే మనిషి కాదు. ఒక అట్టముక్క కింద పరుచుకుని, వెల్లకిలా పడుకుని, ట్రైలర్ కిందకి దూరాడు. చక్రాల వెనక ఇరుసుకి గుండ్రటి ఇనుప బిళ్ళలున్నాయి. ఒక్కో బిళ్ళకీ నాలుగేసి బోల్టు కన్నాలు. అన్నీ ఖాళీ. కన్నాల్లో గ్రీజు కుక్కి, మీద నల్ల రంగు కొట్టారు. ఆ చోట బ్రేకు డ్రమ్ములు ఉండాలి. పాక్కుంటూ ముందుకి వచ్చి, బండికి తగిలించే కొక్కెం దగ్గర వేళ్ళతో తడిమాడు. మామూలుగా ఇలాంటి ట్రైలర్‌కి అక్కడ జారే గొట్టం ఉంటుంది. ముందున్న బండి వేగం తగ్గినప్పుడు ట్రైలర్ వెనక నుంచి తోసుకొస్తుంది, ఆ తోపుకి గొట్టం లోపలికి నొక్కుకుని కేబుల్ లాగుతుంది, ట్రైలర్ చక్రాలకి దాని బ్రేకులు అవే పడతాయి. ఇక్కడ ఆ గొట్టాన్ని కోసేసి మామూలు ఇనుప దిమ్మ వెల్డింగుతో అతికించారు. ఆ అతుకైనా సరిగ్గా వెయ్యలేదు. చీమిడి కారినట్టు కారిపోయి ఉంది. దాన్ని గ్రైండర్‌తో అరగదీసి, నీలం రంగు కిందకి తోసేశారు.

"బ్రేకులేవండీ దీనికి?" అన్నాడు బట్టలు దులుపుకుంటూ.

"ట్రైలర్‌కి బ్రేకులెందుకు మిస్త్రీగారూ? లాగే బండికి ఉంటే చాలదూ?" అన్నాడు మీసాలాయన.

"చిన్నదైతే చాలును. ఇది రెండిరుసుల బండి. బరువేసి పల్లంలోకి దిగితే ముందున్న బండిని ఇదే తోసుకుపోతుంది."

"ఇన్నాళ్ళూ తోసుకుపోలేదుగా!"

"ఇన్నాళ్ళూ బ్రేకులున్నాయి. ఎవరో పీకేశారు. ఇవిగో గ్రైండర్ గాట్లు."

మీసాలాయన గాట్ల వైపు చూడలేదు, మిస్త్రీ వేళ్ళ వైపు చూశాడు. "మీలాంటి పనిమంతుడికి బ్రేకులు పెట్టుకోవడం ఒక పనా?" అన్నాడు నవ్వి. ధర తగ్గించమంటే మాత్రం ఆ నవ్వు మాయమైంది. మిస్త్రీ కూడా తగ్గలేదు. వారం పోతే దిగొస్తాడు, కన్నున్నవాడెవడూ దీన్ని కొనడు అనుకుని వచ్చేశాడు. దారంతా మనసులో బ్రేకులు బిగిస్తూనే ఉన్నాడు.

మంగళవారం సాయంత్రం షెడ్డు ముందు జీపు హారన్ మోగింది. ఆ హారన్ మిస్త్రీకి బాగా తెలుసు. తోడల్లుడిది. అందరూ అతన్ని గ్రానైట్ అంటారు. వంటగట్లకీ మెట్లకీ రాతిపలకలు కోసి బిగించే పని. మాటా నవ్వూ గట్టిగా ఉంటాయి, ఎక్కడికొచ్చినా వాన వచ్చినట్టు వస్తాడు. మిస్త్రీ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని బయటికి వచ్చాడు. జీపు వెనక నీలం ట్రైలర్.

ముందు ఆ రంగు కనిపించింది, తరవాత ఆ పొడుగు, ఆ తరవాత గాని అది అదేనని బుర్రకి ఎక్కలేదు.

"ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు గ్రానైట్ ట్రైలర్ అంచు మీద అరచేత్తో చరుస్తూ. ఎప్పుడూ ఉండేంత గట్టిగా లేదు గొంతు. అడిగి, మిస్త్రీ ముఖంలోకి కాకుండా పక్కనున్న గేటు చట్రం మీదకి చూపు తిప్పుకున్నాడు.

ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క గోడే. హారన్ విని మిస్త్రీ భార్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. వాళ్ళ దగ్గర ఉండి నెల కావొస్తున్న అత్తగారు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చిన్నల్లుడు ఏదైనా అనుకున్నాడంటే అయ్యేదాకా నిద్రపోడమ్మా," అంది అత్తగారు.

"చూశారా, మా మరిది ఎంత చప్పున తెచ్చేసుకున్నాడో!" అంది భార్య. "మీరేమో ఆర్నెల్ల నుంచి ట్రైలర్ కొంటానంటూనే ఉన్నారు."

చెప్పాల్సింది అప్పుడే. 'దీనికి బ్రేకుల్లేవురా' అంటే నాలుగు ముక్కల్లో అయిపోయేది. ఆ నాలుగు ముక్కలూ మిస్త్రీ నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ అత్తగారు మెట్లు దిగి, చిన్నల్లుడి ట్రైలర్‌ని దూడని నిమిరినట్టు నిమిరింది. అది చూసి ఆయన ఆ ముక్కలు మింగేశాడు.

"బాగుంది," అన్నాడు.

"నిజంగానా?"

"బాగుందన్నాగా!" అని కళ్ళద్దాలు కిందకి లాక్కుని లోపలికి పోయాడు.

బుధవారం చెయ్యి సాగలేదు. పాతికేళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని అతుకు వెయ్యగలడు. అయినా మూడుసార్లు వెల్డింగ్ రాడ్డు గొట్టానికి అంటుకుపోయింది, ఒకచోట పల్చటి గొట్టానికి కన్నం పడింది. ఆ కన్నం పూడుస్తూ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. వాడు తిరిగేది ఊళ్ళోనేగా, ఊరంతా చదునేగా. జీపు బ్రేకులు గట్టివేగా. అయినా చిన్న పిల్లాడా వాడు, కొనేముందు కిందకి వంగి చూసుకోవద్దూ? కళ్ళు నెత్తికెక్కితే నేలమీదది ఏం కనపడుతుంది?

సర్దిచెప్పుకోవడం అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇంకో ఊహ వచ్చింది. ఎక్కడో ఒక మలుపులో, ఎవరికీ ఏమీ కాకుండా, ట్రైలర్ జారి ఏ గోడకో రాసుకుంటుంది. రంగు లేచిపోతుంది. రెండు పలకలు పగులుతాయి. గ్రానైట్ ముఖం వేలాడేసుకుని షెడ్డుకొచ్చి, 'అన్నయ్యా, నిన్ను అడక్కుండా కొన్నాను' అంటాడు. అత్తగారు వింటూ ఉంటుంది. ఈ ఊహ ఎంత రుచిగా ఉందంటే, కూరలో ఉప్పు లేదని భార్య చెప్పేదాకా ఆయనకి తెలియలేదు.

గురువారం రాడ్డుల పెట్టె కొనడానికి వెళ్తూ, దారి కాకపోయినా, గ్రానైట్ కొట్టు ముందు నుంచి వెళ్ళాడు. రాతికోత యంత్రం నీళ్ళు చిమ్ముతూ అరుస్తోంది. తెల్లటి బురద కాలవలోకి పోతోంది. ట్రైలర్ మీద కొత్తగా చెక్క చట్రం బిగించి ఉంది, పలకలు నిలువుగా ఆనించడానికి. గ్రానైట్ చేతులు కడుక్కుని పరుగున వచ్చాడు.

"అన్నయ్యా, నీ గేటు ఏదైనా దింపాలంటే ఒక్క మాట చెప్పు. నేనొచ్చి దింపేస్తా. ఆ వ్యాన్ నెత్తిన ఇంకా ఏం కట్టుకుంటావు?"

మంచికే అన్నాడు. ఆ మంచితనమే మిస్త్రీకి కారం రాసినట్టు తగిలింది. ఇక మీదట తన చేతి గేట్లు వీడి దయతో గుమ్మాలు చేరాలన్నమాట! "చూద్దాంలే," అని స్కూటర్ తిప్పేశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర భార్య అంది, "రేపు చెల్లెలు సరదాగా చెరువు చూడ్డానికి వెళ్తోందట. కొండ అవతల కొత్త విడిది కడుతున్నారుగా, దానికి మెట్లన్నీ మరిదే వేస్తున్నాడు. మొదటి లోడు రేపు పొద్దున్న ట్రైలర్‌లో పోతుంది. తనూ జీపులో కూర్చుని వెళ్తుందట."

మిస్త్రీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ కొండ అవతలి దారి ఆయనకి తెలుసు. ఎక్కడం ఈ వైపు నెమ్మదే. దిగడం మాత్రం నిట్టనిలువు, మైలు పొడుగు, కింద చెరువు గట్టు మలుపు.

"ఏమైంది? పొలమారిందా?"

"ఏం లేదు," అన్నాడు.

తిన్నాక వరండాలోకి వచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పేరు దాకా వచ్చి వేలు ఆగింది. ఏమని చెప్పాలి? బ్రేకుల్లేవని చెబితే, నీకెలా తెలుసంటాడు. చూశానంటే, ఎప్పుడంటాడు. పొద్దున్నే కొట్టు దగ్గరికి వెళ్ళి, ఊరికే వచ్చినట్టు వంగి చూసి, 'అరే, ఇదేమిట్రా!' అంటే సరిపోతుంది అనుకున్నాడు. ఆ ఉపాయం దొరికాక కూడా నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఏడున్నరకి వెళ్ళేసరికి కొట్టు మూసి ఉంది. నేల మీద తడి మట్టిలో నాలుగు చక్రాల జాడలు లోతుగా దిగి ఉన్నాయి. ఎదురు టీకొట్టు ఆయన, "అరగంటయింది వెళ్ళి. లోడు నిండా వేశారు," అన్నాడు. ఫోను చేస్తే మోగుతూనే ఉంది. ఆ జీపు మోతలో వినపడి చావదు.

మిస్త్రీ స్కూటర్‌ని అంత జోరుగా ఎప్పుడూ నడపలేదు. మొన్న రుచిగా ఉన్న ఊహ ఇప్పుడు మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. ఈసారి గోడా లేదు, లేచిన రంగూ లేదు. చెరువు గట్టు మలుపు దగ్గర జీపు అడ్డం తిరిగి ఉంది. పక్క సీట్లో మరదలు ఉంది.

కొండ ఎక్కే దారిలో మూడో మలుపు తిరగ్గానే నీలం కనిపించింది. బరువుకి జీపు మూలుగుతూ ఎక్కుతోంది. మిస్త్రీ హారన్ కొడుతూ పక్కకి వచ్చాడు. గ్రానైట్ చూసి, తనతో పందెం వేస్తున్నాడనుకుని నవ్వుతూ చెయ్యి ఊపాడు. మిస్త్రీ దాటిపోయి, కొండ నెత్తిన, దారి కిందకి వంగే చోటికి ఇరవై గజాల ముందు, స్కూటర్ అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

జీపు ఆగింది. ట్రైలర్ వెనక నుంచి ఒక్క తోపు తోసింది. జీపు ఊగి, అరగజం ముందుకి జరిగి, మళ్ళీ ఆగింది. చదునులోనే అలా ఉంది.

"ఏంటన్నయ్యా! ఇంట్లో అంతా బాగున్నారా? అత్తగారికేమైనా..."

"దిగు. దీంతో కిందకి పోవద్దు. బ్రేకుల్లేవు."

"జీపుకా?"

"ట్రైలర్‌కి. పీకేశారు. రా, చూపిస్తా."

ముందురోజు రాత్రి అనుకున్న నాటకం ఆయనకి గుర్తే రాలేదు. చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కన్నాల్లోంచి గ్రీజు గోటితో తీసి చూపించాడు. కొక్కెం దగ్గర రంగు గీకి, గాట్లు చూపించాడు. గ్రానైట్ వంగి చూశాడు. ఆ తరవాత లేచి, దారి కిందకి వంగే చోటిదాకా నడిచివెళ్ళి, కింద చెరువునీ మలుపునీ చూసి, వెనక్కి వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

మరదలు జీపు దిగి వచ్చింది. ఆమె చూపు ట్రైలర్ మీద లేదు.

"మీకెప్పుడు తెలిసింది బావగారూ?"

గాలికి పలకలు కట్టిన తాడు సన్నగా వణుకుతోంది. అబద్ధం ఆడాలనే మిస్త్రీ నోరు తెరిచాడు.

"సోమవారం," అన్నాడు.

ఆమె వెళ్ళి దారి పక్క పిట్టగోడ మీద, వీళ్ళకి వీపు పెట్టి కూర్చుంది.

"నువ్వు చూసి వెళ్ళావని నాకు తెలుసు," అన్నాడు గ్రానైట్. చాలా చిన్నగా అన్నాడు, అతని గొంతులా లేదు. "మీసాలాయన చెప్పాడు. మీ అన్నయ్యగారు నిన్న గంటసేపు కిందా మీదా చూశారు, మళ్ళీ వస్తానన్నారు అని. ఇనుము సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసండీ అన్నాడు. అంతే, నేను వంగైనా చూడలేదు. నువ్వు మనసు పడ్డావంటే అది మేలైన సరుకే అయ్యుంటుంది కదా!"

"నేను కొంటానని తెలిసే కొన్నావా?"

"తెలిసే." గ్రానైట్ చేతికంటిన గ్రీజుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నువ్వు మళ్ళీ వెళ్ళేలోగా కొట్టేయాలని కొన్నాను. అత్తగారు మా ఇంటికొస్తే ఏమంటుందో తెలుసా? పెద్దల్లుడి చెయ్యి బంగారం, వాడు చేసిన గేటు నూరేళ్ళుంటుంది, నువ్వూ ఉన్నావు రాళ్ళు కొట్టుకుంటూ అంటుంది. ఏడేళ్ళుగా వింటున్నాను. ఒక్కటైనా నీకంటే ముందు చెయ్యాలనిపించింది. తెచ్చి నీకే చూపించాను, నువ్వు కుళ్ళుకుంటావని. నువ్వేమో బాగుందన్నావు."

మిస్త్రీ ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కనుబొమల మీద రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది. తన ఇంట్లో ఇన్నాళ్ళూ ఆకాశానికెత్తిన మనిషి వీడేనా?

"కుళ్ళుకున్నాను," అన్నాడు. "అందుకే బాగుందన్నాను."

ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. తాళ్ళు విప్పారు. మెట్ల పలకలు, ఒక్కోటి ఇద్దరు మోస్తే గాని లేవదు. జీపు వెనక నాలుగేసి చొప్పున నిలువుగా ఆనించి, కింద పాతగోనెలు పరిచి, మొదటి గేరులో దింపుకుంటూ పోయారు. ఒకడు నడపడం, ఒకడు వెనక కూర్చుని పలకలకి భుజం ఆన్చడం. ఏడు విడతలయ్యాయి. మరదలు పైనే మిగిలిన పలకలకి కాపలా కూర్చుంది. మిస్త్రీ ప్రతిసారీ పైకొచ్చి చూస్తే అదే వీపు. ఆఖరి విడత దింపి పైకొచ్చాక, ఇంటికి పోవడానికి ఖాళీ ట్రైలర్‌ని జీపుకి తగిలించారు. ఖాళీగా అది పిల్లిలా వచ్చింది.

ఆ సాయంత్రం, మరదలు ఫోను చేసేలోగా, మిస్త్రీ తనే భార్యకి చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతోంది. చెప్పడం అయ్యేసరికి పంపు కట్టేసింది.

"అందులో నా చెల్లెలుందండీ."

"తను ఉంటుందని నాకు గురువారం దాకా తెలీదు."

"మరిది ఉంటాడని తెలుసుగా?"

ఆ పైన మూడు రోజులు ఆమె ఆయనతో సూటిగా మాట్లాడలేదు. అన్నం వడ్డించానని అత్తగారికి చెప్పేది, అత్తగారు ఆయనకి చెప్పేది. విషయమేమిటో అత్తగారికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ మాత్రం అల్లుళ్ళిద్దరి గురించీ మాట్లాడటం తనంతట తనే తగ్గించేసింది.

శనివారం గ్రానైట్ మీసాలాయన మీదకి గొడవకి వెళ్ళి, అక్కడి నుంచి తిన్నగా ట్రైలర్‌తో షెడ్డుకి వచ్చాడు. వచ్చి ఒక డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు మిస్త్రీ.

"బ్రేకుల్లేవని మీ అన్నయ్యగారికి సోమవారమే తెలుసు, సొంతవాళ్ళైన మీకు ఆయనే చెప్పకపోతే పరాయివాణ్ణి నన్నెందుకు అడుగుతారు అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది."

మిస్త్రీ చేతిలోని పానా కిందపెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. గ్రానైట్‌ని లేవమని, ట్రైలర్ చక్రాలు విప్పడం మొదలెట్టాడు.

పక్క ఊరి తుక్కు కొట్టులో విరిగిపోయిన బండి ఒకటి దొరికితే, దాని ఇరుసుల నుంచి బ్రేకు డ్రమ్ములూ, జారే గొట్టమూ ఊడదీసుకొచ్చారు. మిస్త్రీ పాత అతుకంతా కోసి పారేశాడు. కొత్త అతుకు ఒక పొరేసి, చల్లారనిచ్చి, మీద కట్టిన నల్లటి పెచ్చు రాల్చి, రెండో పొరేశాడు. చేప పొలుసుల్లా వరసగా పడింది. గ్రానైట్ నేల మీద చతికిలబడి బోల్టులు అందించాడు, బ్రేకు లైనింగులు గరుకు కాగితంతో రుద్దాడు, కేబుల్ పట్టుకోమంటే పట్టుకున్నాడు. మాటలు పనికి ఎంత కావాలో అంతే. 'పట్టు', 'వదులు', 'ఇంకొంచెం'. సోమవారం సాయంత్రానికి చక్రాలు పైకెత్తి తిప్పి, గొట్టం లోపలికి నొక్కితే నాలుగూ టక్కున ఆగాయి.

"ఇక రేపు రెండో లోడు వేసుకో," అన్నాడు మిస్త్రీ.

గ్రానైట్ తల గోక్కున్నాడు. "మా ఆవిడ ఒక మాటంది. లోడుతో మొదటిసారి కొండ దింపేది బావగారే కావాలంది. నన్ను ఆ జీపు ముట్టుకోవద్దంది."

మంగళవారం పొద్దున్న నిండా పలకలతో మిస్త్రీ ఒక్కడే జీపులో కొండ నెత్తికి చేరాడు. గ్రానైట్ ముందే మిస్త్రీ స్కూటర్ మీద తన భార్యని కింద చెరువు గట్టు దగ్గర దింపి, తను పైకి వచ్చి ఉన్నాడు. కింద మలుపు దగ్గర దారి పక్కన ఆమె నిలబడి ఉండటం, బొమ్మలా చిన్నగా, పైకి కనిపిస్తోంది. పక్కకి తప్పుకోమని చెయ్యి ఊపాడు మిస్త్రీ. ఆమె కదల్లేదు.

గేరు తగ్గించి దిగాడు. మొదటి పల్లంలోనే వెనక బరువు వీపు మీద చెయ్యి వేసినట్టు తోసింది. బ్రేకు మీద కాలు మోపాడు. వెనక గొట్టం లోపలికి జారిన చప్పుడు, కేబుల్ లాగిన చప్పుడు, ఆ తరవాత నాలుగు డ్రమ్ములూ సన్నగా మూలగడం, అన్నీ విన్నాడు. తోపు తగ్గింది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. రెండో పల్లం, మూడోది. మధ్యలో ఒకచోట, నిట్టనిలువుగా ఉన్న దగ్గర, కావాలనే పూర్తిగా ఆపాడు. ట్రైలర్ వెనక చెట్టులా నిలబడింది. మళ్ళీ కదిలించి, మలుపు దాకా తెచ్చి, ఆమెకి నాలుగడుగుల దూరంలో ఆపి దిగాడు.

ఆమె ట్రైలర్ చుట్టూ ఒక తిరుగు తిరిగింది. చక్రం మీద చెయ్యి పెట్టి, కాలిందేమో చప్పున తీసేసింది. ఆ తరవాత ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాలుగు రోజులు దాచారు, బావగారూ."

"అవునమ్మా," అన్నాడు.

ఆమె చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, జీపు అవతలి తలుపు తీసి, పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది.

"పోనివ్వండి," అంది. "విడిది దగ్గర మేస్త్రీలు ఎదురుచూస్తుంటారు."